నువ్వేం నొక్కినవ్?

ఇంట్లో మిక్సీ ఆగిపోతే మనం ఏం చేస్తాం? ప్లగ్గు చూస్తాం. జార్ సరిగ్గా కూర్చుందో లేదో చూస్తాం. అయినా తిరగకపోతే మిక్సీని పక్కకు వంచి, అడుగున ఉండే చిన్న ఎర్ర బటన్ నొక్కుతాం. కుక్కర్ విజిల్ వేయకపోతే గాస్కెట్ తీసి చూస్తాం, వెయిట్ కింది గొట్టంలో మెతుకేమైనా ఇరుక్కుందా అని పుల్ల పెట్టి చూస్తాం. ఆ పూట "నువ్వేం చేసినవ్?" అని మనల్ని ఎవరూ నిలదీయరు. అది మన రాజ్యం కదా!

అదే ఇంట్లో కంప్యూటర్ ఆగిపోతే మాత్రం, అది ఆడమనిషి ముందు ఆగితే మాత్రం, మొదటి మాట ఒక్కటే. "నువ్వేం నొక్కినవ్?"

ఈ మాట మీద నాకు చాలా రోజులుగా కోపం ఉంది. చూడ్డానికి ప్రశ్నలా ఉంటుంది కానీ అది తీర్పు. తప్పు నీదే అని ముందే రాసేసి, ఎట్లా చేశావో చెప్పమని అడగడం. ఆ మాట రెండుసార్లు పడ్డ ఆడపిల్ల మూడోసారి ఆ కుర్చీలో కూర్చోదు. "మనకెందుకమ్మా, పిల్లలు వచ్చి చూస్తారు" అని తుడిచి గుడ్డ కప్పి పెడుతుంది. ఇలా గుడ్డ కప్పి పెట్టిన కంప్యూటర్లు మా చుట్టాల ఇళ్లలోనే నాలుగు చూశాను.

ఈ రోజు ఒక చిన్న విషయం పట్టుకుని ఈ మాట సంగతి తేల్చుకుందాం. కంప్యూటర్‌లో ఉత్తరాలు చూసుకునే ప్రోగ్రామ్ ఉంటుంది కదా, థండర్‌బర్డ్ అనో, అవుట్‌లుక్ అనో. అన్ని ఉత్తరాలూ బాగానే తెరుచుకుంటాయి. ఏదో ఒక్క దాని మీద నొక్కగానే తెర తెల్లబడుతుంది, బాణం గుండ్రంగా తిరుగుతుంది, పైన "నాట్ రెస్పాండింగ్" అని పడుతుంది. ఇక కదలదు. మూసి మళ్లీ తెరిచి ఆ ఉత్తరం దగ్గరికి వెళ్తే మళ్లీ అదే. దీనికి ఆడవాళ్ల బ్లాగులో ఏం పని అంటారా? చెబుతాను.

మా జగిత్యాల, కోరుట్ల దిక్కు గల్ఫ్‌లో మనిషి లేని వాడ దొరకడం కష్టం. మా పుట్టిల్లు సిరిసిల్ల. అక్కడా సాంచాలు నడవని రోజుల్లో కొందరు భివండీ, కొందరు దుబాయి దారి పట్టారు. మనిషి అక్కడ, ఇల్లు ఇక్కడ. ఆ రెంటి మధ్య ఉన్న కాగితాలన్నీ ఇప్పుడు ఉత్తరాల పెట్టెలోనే ఉంటున్నాయి. ఆఫర్ లెటరు, వీసా కాపీ, ఒప్పందం, టికెట్టు, జీతం స్లిప్పు. ఈసీఆర్ పాస్‌పోర్ట్ మీద పనికి పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల బీమా. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. ఆ రోజు ఎవరికీ రావద్దు. కానీ వస్తే ఆఫీసుల ముందు కాగితాలు పట్టుకుని నిలబడేది ఎవరు? ఆ ఇంటి ఆడమనిషే కదా. అక్కరకు వచ్చే కాగితం ఎక్కడుందో, దాన్ని ఎట్లా తియ్యాలో ఆమెకే తెలియకపోతే ఎట్లా?

మా యారాలు ఇల్లు కోరుట్లలో. మా మరిది మస్కట్‌లో ఉంటాడు. పిల్లవాడు ఇంటర్‌లో ఉన్నప్పుడు కొన్న కంప్యూటర్ ఇంట్లో ఉంది. వాళ్ల నాన్న ఉత్తరాలన్నీ అందులోకి వచ్చేలా వాడే పెట్టి, చదువుకని హైదరాబాద్ వెళ్లిపోయాడు. మొన్న ఎండాకాలంలో మరిది పనిచేసే కంపెనీ కొత్త ఒప్పందం పంపింది. జీతం ఎంత, సెలవు ఎన్ని రోజులు, రానూపోనూ టికెట్టు ఎవరిది, అన్నీ అందులోనే. ప్రింటు తీసి నిదానంగా చదివి చెప్పమని మరిది ఇంటికి ఫోన్ చేశాడు. సంతకానికి నాలుగు రోజులే గడువు. యారాలు ఆ ఉత్తరం మీద నొక్కింది. ప్రోగ్రామ్ బిగుసుకుపోయింది.

మస్కట్ నుంచి మొదటి మాట "నువ్వేం నొక్కినవ్?" హైదరాబాద్ నుంచి కొడుకు మాట "అమ్మా, ఏం నొక్కినవే?" పక్క గదిలోంచి అత్తమ్మ "ముట్టకు అంటే ఇనదు." ఊళ్లో ఒక షాపతను వచ్చి చూసి, "వైరస్ ఉన్నట్టుంది, ఫార్మాట్ కొట్టాలె, సీపీయూ పంపుండ్రి" అని చెప్పి వెళ్లాడు.

అప్పుడు నాకు ఫోన్ చేసింది. "అక్కా, నేను ఉత్తరం మీద నొక్కిన, అంతే. ఇంకేం ముట్టలే." ఆ గొంతులో ఏడుపు ఉంది.

నేను అడిగింది ఒక్కటే. "అన్ని ఉత్తరాలకూ ఆగుతుందా, ఆ ఒక్కదానికేనా?"

ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరిచి, ఆ ఉత్తరం జోలికి పోకుండా మిగతావి నొక్కి చూసింది. అన్నీ వస్తున్నాయి. మరి వైరస్ ఎక్కడ? ఫార్మాట్ దేనికి? "ఆ ఉత్తరాన్ని అక్కడే ఉంచు. బ్రౌజర్‌లోకి పోయి, మరిది పాస్‌వర్డ్‌తో అదే పెట్టెను అటు నుంచి తెరువు" అన్నాను. తెరిచింది. ఉత్తరం ఉంది. ఒప్పందం పేజీలన్నీ ఫోటోలు తీసి, ఒక్కోటీ పెద్ద సైజులో, ఉత్తరం ఒంట్లోనే వరసగా అతికించి పంపారు. ఆ బరువు మోయలేక మన ప్రోగ్రామ్ చతికిలబడింది. అటు నుంచి ఒక్కో పేజీ దించుకుని ప్రింటు తీసింది. తర్వాత ఇటు ప్రోగ్రామ్‌లో ఉత్తరం చూపించే అరను మూసేసి, ఆ ఒక్కదాన్ని వేరే ఫోల్డర్‌లోకి జరిపింది. మొత్తం గంట కూడా పట్టలేదు. సాయంత్రం ఇద్దరూ ఫోన్‌లో ఒప్పందం చదువుకున్నారు.

సరే, మా ఇంటి ముచ్చట అటుంచండి. ఒక్క సందేశం మీద ఆగిపోవడమనేది ప్రపంచమంతా చూసిన సంగతి. అది కూడా మన తెలుగు వల్లే అని అందరూ చెప్పుకున్న సంగతి.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు వాడేవాళ్లకు ఒక వింత కష్టం వచ్చింది. ఒక తెలుగు అక్షరం ఉన్న సందేశం వస్తే చాలు, ఆ యాప్ మూసుకుపోయేది. మళ్లీ తెరిచినా మూసుకుపోయేది. ఐమెసేజ్, వాట్సాప్, జీమెయిల్, అన్నింటికీ అదే గతి. మ్యాక్ కంప్యూటర్లలోనూ అదే తంతు. ఆ అక్షరం ఏమిటో తెలుసా? జ్ఞా. జ్ఞానంలో మొదటి అక్షరం! తెలుగు అక్షరం వల్ల ఐఫోన్లు ఆగిపోతున్నాయని దేశదేశాల పత్రికలు రాశాయి. బీఏలో తెలుగు చదువుకున్న నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా సిరిసిల్ల జిల్లా హనుమాజీపేటలో పుట్టిన సినారె గారికి 1988 సంవత్సరానికి వచ్చిన జ్ఞానపీఠం పేరులోనూ ఆ అక్షరమే ఉంది. నూరేళ్ల పైబడి అచ్చులో, వేల ఏళ్లుగా నోళ్లలో ఎవరినీ ఇబ్బంది పెట్టని అక్షరం ఒక్కసారిగా దోషి అయిపోయింది.

అసలు సంగతి వేరు. మామూలుగా రాసే జ్ఞా వల్ల ఏమీ కాలేదు. జ్ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు దూరితేనే ఆ గొడవ. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. భయపడకండి, అది మనకు పనికొచ్చేదే. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా ఆపేది అదే. ఈ గుర్తుతో కలిసి వచ్చిన సంయుక్తాక్షరాన్ని తెర మీద ఎట్లా గీయాలో ఆపిల్ వాళ్ల కోర్‌టెక్స్ట్ అనే భాగానికి తెలియలేదు. తెలియక కుప్పకూలింది. బెంగాలీలో, దేవనాగరిలో కూడా ఇలాంటి కూర్పులకు అదే జరిగిందని తర్వాత తేలింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి వాళ్ల తప్పు వాళ్లే దిద్దుకున్నారు. జ్ఞా మాత్రం ఎప్పటిలాగే ఉంది, దాన్ని ఎవరూ దిద్దలేదు.

ఆ దిద్దుబాటు వచ్చేలోపు జనం ఏం చేశారు? ఇంకెవరితోనైనా మరో సందేశం పంపించుకుని, దాని వెంట యాప్‌లోకి వెళ్లి, ఆ సందేశం ఉన్న సంభాషణను లోపల తెరవకుండానే తీసేశారు. అంటే ముందు తలుపు బిగుసుకుంటే పెరటి తలుపు నుంచి వెళ్లారు. మా యారాలు చేసింది కూడా ఇదే.

అందుకే నా మాట ఏమిటంటే, ఉత్తరం మీద నొక్కడం తప్పు కాదు. ఉత్తరం ఉన్నదే తెరవడానికి. నొక్కగానే ఆగిపోయిందంటే లోపం చాలాసార్లు ఆ ఉత్తరం కూర్పులోనో, దాన్ని చూపించే ప్రోగ్రామ్‌లోనో ఉంటుంది, నొక్కిన వేలిలో ఉండదు. కాబట్టి ఇంట్లో అడగాల్సిన ప్రశ్న "నువ్వేం నొక్కినవ్" కాదు, "ఏ ఉత్తరం దగ్గర ఆగింది?" అన్నది. మొదటి దానికి కన్నీళ్లే జవాబు. రెండో దానికి మరమ్మతు దొరుకుతుంది.

ఆ మరమ్మతు కూడా మనకు తెలియని విద్య కాదు. మనం వంటింట్లో చేసే వరసే.

మొదట కాసేపు ఆగాలి. పెద్ద ఉత్తరమైతే యాంటీవైరస్ దాన్ని వెతుకుతుండవచ్చు. టీ పెట్టుకుని వచ్చేలోపు అదే కదలవచ్చు. కదలకపోతే మూసి, మళ్లీ తెరిచి, వేరే ఉత్తరాలు నొక్కి చూడాలి. ఒక్కదానికే ఆగుతుంటే జబ్బు ఆ ఉత్తరానిది. ఒక ఫోల్డర్ మొత్తానికి ఆగుతుంటే ఆ ఫోల్డర్‌ది. తెరవగానే ఆగుతుంటే ప్రోగ్రామ్‌ది, లేదా దానికి తగిలించిన అదనపు సరంజామాది. పప్పులో పురుగు కనబడితే ముందు ఏ డబ్బాలో ఉందో చూస్తాం కదా, ఇదీ అంతే.

ఒక్క ఉత్తరమే అయితే, బ్రౌజర్ నుంచి అదే పెట్టె తెరిచి, కావలసిన కాగితాలు అటు నుంచి దించుకోవాలి. ఇటు ప్రోగ్రామ్‌లో ఉత్తరం కనిపించే అరను మూసేయాలి. థండర్‌బర్డ్‌లో ఎఫ్8 నొక్కితే మూసుకుంటుంది. అవుట్‌లుక్‌లో వ్యూ అనే చోట రీడింగ్ పేన్‌ను ఆఫ్ చేయాలి. అర మూసి ఉంటే ఉత్తరాన్ని ఎంచుకున్నా అది తెరుచుకోదు. అప్పుడు నిశ్చింతగా పక్కకు జరపొచ్చు, తీసేయొచ్చు. రంగులు, బొమ్మలు, అలంకారాల వల్ల ఆగుతుంటే థండర్‌బర్డ్‌లో వ్యూ కింద మెసేజ్ బాడీ యాజ్ అని ఉంటుంది. అందులో ప్లెయిన్ టెక్స్ట్ ఎంచుకుంటే ఉత్తరం నగలన్నీ తీసేసి ఉత్త మాటలతో వస్తుంది.

ఫోల్డర్ మొత్తం మొరాయిస్తుంటే, దాని మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే రిపేర్ ఫోల్డర్ అని కనిపిస్తుంది. ప్రతి ఫోల్డర్‌కూ ప్రోగ్రామ్ ఒక విషయసూచిక రాసుకుంటుంది. పుస్తకం బాగానే ఉన్నా సూచికలో పేజీ నంబర్లు తారుమారైతే వెతుకులాటే కదా. ఈ బటన్ ఆ సూచికను కొత్తగా రాయిస్తుంది. ప్రోగ్రామ్ మొత్తం ఆగుతుంటే, షిఫ్ట్ నొక్కి పట్టుకుని థండర్‌బర్డ్ తెరిస్తే అదనపు సరంజామా లేకుండా తెరుచుకుంటుంది. అవుట్‌లుక్‌కు కంట్రోల్ మీట. అలా తెరిచినప్పుడు బాగుంటే దొంగ ఆ సరంజామాలో ఉన్నట్టు.

ఒక్క జాగ్రత్త. ముక్కూమొహం తెలియని వాళ్లు పంపిన ఉత్తరం దగ్గర ఆగితే, అందులో ఏముందో చూద్దామన్న ఆశ వద్దు. లాటరీ తగిలిందనీ, మీ ఆయన వీసా ఆగిందనీ రాస్తారు. అటాచ్‌మెంట్ తెరవకుండా తీసిపారేయండి.

ఇప్పుడు ఆ ఫార్మాట్ అనే మాట గురించి. యారాలు ఇంట్లో ఆ మాట విని నాకు గుండె జల్లుమంది. ఎందుకంటే ఉత్తరాలు కంప్యూటర్‌లోకి వచ్చే పద్ధతులు రెండు. ఐమ్యాప్ పద్ధతిలో ఉత్తరాలు అసలు పోస్టాఫీసులోనే ఉంటాయి, మనం ఇక్కడి నుంచి చూస్తాం. పాప్ పద్ధతిలో ఇంటికి తెచ్చుకుంటాం. తెచ్చుకున్నాక అక్కడ కొన్ని రోజులే ఉంచి తీసేసేలా పెట్టి ఉండవచ్చు. వాళ్లింట్లో ఉన్నది రెండోది. కొత్త ఉత్తరం కాబట్టి బ్రౌజర్‌లో దొరికింది. ఆరేళ్ల పాత ఉత్తరాలు మాత్రం ఆ ఒక్క డబ్బాలోనే ఉన్నాయి. ఆ రోజు సీపీయూ షాపుకు పోయి ఉంటే, కాపీ తీయకుండా ఫార్మాట్ చేసి ఉంటే, పాత ఒప్పందాలూ జీతం స్లిప్పులూ అన్నీ గంగలో కలిసేవి.

మా సిరిసిల్లలో అమ్మ కండెలు చుట్టేది, నాన్న సాంచె నడిపేవాడు. పోగు తెగితే సాంచె ఆపుతారు. తెగిన పోగు వెతికి పట్టుకుని ముడేస్తారు, మళ్లీ నడుపుతారు. పోగు తెగిందని బీము మొత్తం కోసి పారేసిన వాళ్లను నేను చూడలేదు. ఒక్క ఉత్తరం ఆగిందని కంప్యూటర్ మొత్తం తుడిచేయడం అలాంటిదే.

"ఇప్పుడు అంతా ఫోన్‌లోనే ఉంది కదా, ఈ పాత కంప్యూటర్ గోల ఎందుకు" అని మీలో కొందరు అంటారని తెలుసు. ఫోన్ మంచిదే. కానీ ఫోన్ ఆయన జేబులో మస్కట్‌లో ఉంది. ఫోన్ పోతుంది, పగులుతుంది, రెండేళ్లకోసారి మారుతుంది. కాగితాలు ఇంట్లో ఒకచోట ఉండాలి, ఆ చోటు ఇంటి మనిషికి తెలియాలి. "మావాడికి తెలుసులే" అంటే చాలదు. కొడుకు హాస్టల్‌లో, భర్త కంపెనీ క్యాంపులో, గడువు నాలుగు రోజుల్లో. అప్పుడు ఇంట్లో ఉండేది మనమే.

అందుకని ఈ ఆదివారం మూడు పనులు చేయండి. ఇంటి ఉత్తరాల పెట్టె పాస్‌వర్డ్ అడిగి తెలుసుకుని, పట్టాదారు పాసుపుస్తకం ఉన్న చోటే, బీరువాలో, ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. షాపులో మాత్రం ఎవరికీ చెప్పకండి. ఆ పెట్టెకు ఇచ్చిన ఫోన్ నంబర్ ఇప్పటికీ పనిచేస్తుందో లేదో చూడండి. ఎప్పుడో ఆగిపోయిన పాత సిమ్ నంబర్ అయితే, ఓటీపీ రాక పెట్టె తలుపు మనకే మూసుకుపోతుంది. మూడోది, ముఖ్యమైన కాగితాలను పెన్‌డ్రైవ్‌లో కూడా ఒక కాపీ వేసి ఉంచండి.

మగవాళ్లతో గొడవ పెట్టుకోమని నేను చెప్పడం లేదు. మా మరిది మంచివాడే. దూరంలో ఉన్న మనిషికి భయం ఎక్కువ, ఆ భయం ముందు మాటగా బయటకు వస్తుంది. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ మనం ఒక అడుగు వెనక్కి వేస్తే, రేపు మన ఇంటి కాగితం కోసం మనమే ఇంకొకరి షాపు ముందు నిలబడాలి. ఈసారి ఎవరైనా "నువ్వేం నొక్కినవ్?" అంటే తడుముకోకండి. "ఉత్తరం తెరిచిన. ఆ ఒక్కటే ఆగుతున్నది, మిగతావి మంచిగనే ఉన్నయి. నేను చూసుకుంట" అని చెప్పండి. చెప్పి, కుర్చీలోంచి లేవకండి.